విద్యార్థి దాడిలో గాయపడిన దళిత టీచర్‌కు ఉన్న చట్టపరమైన దారులు
క్లాసులో విద్యార్థి చేతిలో దెబ్బలు తిన్న టీచర్‌కు మొదట వినిపించే మాట "పిల్లాడు కదా, సర్దుకోండి". రాజీకి ముందు హక్కులు తెలుసుకోమని మేం కోరుతున్నాం.

వెంటనే ప్రభుత్వాసుపత్రికి వెళ్లి మెడికో లీగల్ కేసు నమోదు చేయించాలి. విద్యార్థికి 18 ఏళ్లు నిండితే భారతీయ న్యాయ సంహిత 115(2), తీవ్ర గాయమైతే 117(2) వర్తిస్తాయి. ప్రభుత్వ టీచర్‌ను విధులు చేయనివ్వకుండా కొడితే 121 కూడా. 18 లోపైతే జువెనైల్ జస్టిస్ బోర్డు చూస్తుంది. అయినా ఫిర్యాదు రాసివ్వాలి, నకలు దాచుకోవాలి.

ఎస్సీ, ఎస్టీ కానివారు నలుగురిలో కులం పేరుతో తిడితే అట్రాసిటీ చట్టం (1989) 3(1)(ఎస్) పెట్టమని అడగాలి. ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదని 18ఏ స్పష్టంగా చెబుతోంది. స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపాలి.

ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది.