స్క్రిప్టు ద్వారా సురక్షిత ఫైలు బదిలీ

మనిషి దగ్గర కూర్చుని పాస్‌వర్డు కొట్టే పని లేకుండా, ముందే రాసిపెట్టిన స్క్రిప్టు తనంతట తానే దూరపు సర్వరుకు పాఠ్యాన్నో ఫైళ్లనో భద్రంగా చేరవేసే పద్ధతి ఇది. అర్ధరాత్రి నడిచే బ్యాకప్‌లు, లాగ్ ఫైళ్లు తరచూ ఇలాగే వెళ్తాయి. మనిషి లేనప్పుడు రహస్యాన్ని ఎక్కడ దాచాలన్న ప్రశ్నే ఈ పద్ధతి చరిత్రనంతా నడిపించింది.

ఫైళ్ల బదిలీకి తొలి నియమావళి ఎఫ్‌టీపీ. దాన్ని 1971 ఏప్రిల్‌లో ఎంఐటీలో ఉండగా రాసినవారు అభయ్ భూషణ్, ఐఐటీ కాన్పూర్ తొలి బ్యాచ్ విద్యార్థి. ఎఫ్‌టీపీలో పాస్‌వర్డు ఏ మరుగూ లేకుండా తీగ మీద వెళ్లేది. స్క్రిప్టు కోసమైతే దాన్ని ‘.నెట్‌ఆర్‌సీ’ అనే ఫైల్లో ఉన్నదున్నట్టు రాసిపెట్టేవారు. 1983లో 4.2 బీఎస్‌డీ యూనిక్స్‌తో వచ్చిన ఆర్‌సీపీ అనే కాపీ ఆదేశం అసలు పాస్‌వర్డే లేకుండా పని కానిచ్చింది. ‘.ఆర్‌హోస్ట్స్’ ఫైల్లో పేరున్న యంత్రమైతే చాలు, నమ్మేసేది. స్క్రిప్టుకు ఎంత వీలో, వేరే యంత్రం పేరుతో చొరబడేవాడికీ అంతే వీలు.

1995లో హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్కులో ఎవరో మాటువేసి పాస్‌వర్డులు కాజేశారు. అక్కడి పరిశోధకుడు టాటు యులోనెన్ దానికి విరుగుడుగా, తీగ మీద వెళ్లేదంతా గుప్తీకరించే ఎస్‌ఎస్‌హెచ్‌ను రాసి, ఆ జులైలోనే ఉచితంగా విడుదల చేశారు. ఎఫ్‌టీపీది 21వ పోర్టు, దూరపు యంత్రంలోకి లాగిన్ అయ్యే టెల్నెట్‌ది 23. ఆ రెండింటి స్థానంలోకి రావాల్సిన పనిముట్టుకు మధ్యలోని 22 కేటాయించమని పోర్టు సంఖ్యలు కేటాయించేవారిని ఆయన ఈమెయిల్‌లో కోరితే మర్నాడే ఒప్పుకున్నారు.

స్క్రిప్టులకు అసలైన మేలు జరిగింది తాళంచెవుల జంటతో. బహిరంగ తాళంచెవి సర్వరులోని ‘ఆథరైజ్డ్ కీస్’ ఫైల్లో ఉంటుంది, రహస్య తాళంచెవి సొంత యంత్రం దాటదు. ఎస్‌ఎస్‌హెచ్ ఇప్పటి రెండో వెర్షన్‌లో ప్రతి సెషన్‌కూ కొత్తగా పుట్టే గుర్తుపై రహస్య తాళంచెవితో సంతకం చేస్తే సర్వరు సరిచూస్తుంది. తీగ మీద కాజేయడానికి పాస్‌వర్డంటూ ఉండదు. పాఠ్యాన్ని పైపు ద్వారా ఎస్‌ఎస్‌హెచ్‌కు అందిస్తే, అవతల ‘క్యాట్’ ఆదేశం అందుకుని ఫైల్లో రాసుకుంటుంది. మధ్యలో తాత్కాలిక ఫైలు కూడా అక్కర్లేదు.

ఎస్‌ఎస్‌హెచ్ లైసెన్సు షరతులు బిగుసుకోవడంతో ఓపెన్‌బీఎస్‌డీ బృందం పాత ఉచిత ప్రతి ఆధారంగా ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌ను తయారుచేసి 1999 డిసెంబరులో విడుదల చేసింది. నేడు ఎక్కువగా వాడుకలో ఉన్నది అదే. ఎస్‌ఎస్‌హెచ్ రెండో వెర్షన్ 2006లో ఇంటర్నెట్ ప్రమాణాల పత్రాలకెక్కింది. ఎస్‌ఎస్‌హెచ్ మీద నడిచే ఫైళ్ల బదిలీ నియమావళి ఎస్‌ఎఫ్‌టీపీ మాత్రం ముసాయిదాగానే ఆగిపోయినా లోకమంతా దాన్నే వాడుతోంది. ఆర్‌సీపీ పాత పద్ధతినే ఎస్‌ఎస్‌హెచ్ మీద నడిపిన ఎస్‌సీపీ, 2022 ఏప్రిల్‌లో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 9.0 నుంచి లోపల ఎస్‌ఎఫ్‌టీపీకే మారింది.

లోపాలూ బయటపడ్డాయి. డెబియన్ లినక్స్ వారి, తాళంచెవుల తయారీకి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ప్యాకేజీలో జరిగిన ఒక మార్పు వల్ల యాదృచ్ఛికత దాదాపు ప్రాసెస్ సంఖ్యకే పరిమితమై, ఊహించగల ఎస్‌ఎస్‌హెచ్ తాళంచెవులు పుట్టాయని 2008లో తేలింది. ఎందరో తాళంచెవులు మార్చుకోవాల్సి వచ్చింది.

రహస్య తాళంచెవిని కాపాడే పాస్‌ఫ్రేజు లేకుండానే దాన్ని స్క్రిప్టుకు ఇవ్వక తప్పనప్పుడు, ‘ఆథరైజ్డ్ కీస్’లో దాన్ని ఒక్క ఆదేశానికే కట్టిపడేయవచ్చు. సర్వరు గుర్తింపును సరిచూసే ఏర్పాటును సౌకర్యం కోసం ఆపేయడం మాత్రం అన్నిటికన్నా ప్రమాదకరం. అవతల ఉన్నది అసలు సర్వరో కాదో స్క్రిప్టు తెలుసుకునే దారి అదొక్కటే.