ఖనిజం కోసం వేసిన పట్టాలు, మన కోసం నడవాల్సిన బండి

మన్యం నుంచి విశాఖకు చదువుకోవడానికి దిగివచ్చిన మనలో చాలామందికి తొలి రైలు ప్రయాణం కిరండూల్ ప్యాసింజర్‌లోనే. ఆ పట్టాలు ఎందుకు వేశారో తెలిస్తేనే, రేపు ఆ బండి మనకు ఎలా ఉండాలో అడగగలం.

యుద్ధం తర్వాత కోలుకున్న జపాన్ ఉక్కు పరిశ్రమకు ఇనుప ఖనిజం కావాలి. మన దేశానికి విదేశీ మారకం కావాలి. బస్తర్‌లోని బైలడిల్లా కొండల్లో మేలురకం ఖనిజం ఉంది. విశాఖలో 1933 నుంచి ఓడరేవు ఉంది. మధ్యలో అడ్డు తూర్పు కనుమలు. ఆ అడ్డు దాటడానికి 1960లలో కొత్తవలస నుంచి కిరండూల్ దాకా సుమారు 445 కిలోమీటర్ల లైను వేశారు. యాభైకి పైగా సొరంగాలు తొలిచారు. శృంగవరపుకోట దాటి కొండెక్కే బండి శిమిలిగుడ దగ్గర దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తుకు చేరుతుంది. 1976లో విశాఖలో ఔటర్ హార్బర్ మొదలయ్యాక పెద్ద ఓడలకు ఖనిజం ఎత్తారు. తర్వాత విశాఖ ఉక్కు కర్మాగారానికీ ఇదే దారిన ఖనిజం వచ్చింది.

అంటే లెక్కలో ముందు ఖనిజం, తర్వాతే మనిషి. అయినా మనవాళ్లు ఆ దారిని తమది చేసుకున్నారు. సంతకు, ఆసుపత్రికి, కాలేజీకి, ఒడిశాలోని చుట్టాల పెళ్లికి అదే బండి. ఆంధ్ర, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రాల ఆదివాసులను తక్కువ ఖర్చుతో కలిపేది అదే.

ఆ బండి విలువ 2020 మార్చిలో తెలిసింది. దేశమంతటా ప్యాసింజర్లు ఆగిపోయాయి. తిరిగి నడిచినప్పుడు చాలా ప్యాసింజర్లకు ఎక్స్‌ప్రెస్ ఛార్జీ పెట్టారు. పది రూపాయల కనీస టికెట్టు ముప్పై అయింది. 2024లో పాత ఛార్జీలు తిరిగి తెచ్చారు. మా హాస్టల్ పిల్లల్లాంటి వారికి ఆ ఇరవై రూపాయల తేడా చిన్నది కాదు. పండక్కి ఇంటికి వెళ్లాలా వద్దా అన్నది దానితోనే తేలుతుంది.

2017లో ఈ దారిలో అద్దాల విస్టాడోమ్ పెట్టె వచ్చింది. పర్యాటకులు రావడం మంచిదే, మన కాఫీ, వెదురు వస్తువులు అమ్ముడవుతాయి. కానీ ఈ బండికి ప్రాణం జనరల్ పెట్టెలే, త్యాడ, చిమిడిపల్లి వంటి చిన్న స్టేషన్లలో ఆగడమే.

ఇప్పుడు కొత్తవలస, కొరాపుట్‌ల మధ్య రెండో లైను పనులు సాగుతున్నాయి. ఈ లైనును రాయగడ కేంద్రంగా ఏర్పడే కొత్త డివిజన్‌లో చేర్చాలని 2025 ఫిబ్రవరిలో కేంద్రం నిర్ణయించింది. డివిజన్ ఏదైనా, పట్టాలు రెండైతే గూడ్సు బళ్లే పెరుగుతాయా, మన బళ్లూ పెరుగుతాయా? ఇది మనం అడగాల్సిన ప్రశ్న.

అడగడానికి ఆధారం కావాలి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీ స్టేషన్‌లో రోజుకు ఎంతమంది ఎక్కుతున్నారో, బండి ఎన్ని గంటలు ఆలస్యమవుతోందో ఒక నెల రాసిపెట్టండి. ఈ లైను వేసిన రోజులు చూసిన తాతలు, అమ్మమ్మలు ఇంకా కొందరున్నారు. ఎవరి పొలం మీదుగా పట్టాలు వెళ్లాయో, ఎవరు కూలికి వెళ్లారో వాళ్ల మాటల్లోనే ఫోనులో రికార్డు చేయండి. ఖనిజం ఎన్ని టన్నులు వెళ్లిందో లెక్కలు రాసేవాళ్లు ఉన్నారు. మన ప్రయాణాల లెక్క మనమే రాసుకోవాలి.