కృష్ణా జిల్లా బస్సుల జాతీయీకరణ: పల్లె సర్వీసు ఖర్చు ఎవరిది?

దివిసీమకు రైలు మార్గం లేదు. అవనిగడ్డ నుండి కోడూరుకు, ఆపైన హంసలదీవికి వెళ్ళే సామాన్యునికి బస్సే ఆధారం. సముద్రం వద్ద ముగిసిపోయే దారిలో రద్దీ రెండువైపులా సమానంగా దొరకదు. అటువంటి సర్వీసు ఖర్చును ఎవరు భరించాలన్న ప్రశ్న ఈ జిల్లాలో బస్సు మార్గాల జాతీయీకరణ నాటిది.

1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం కింద ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ 1958 జనవరి 11న ఏర్పడింది. ఆ రోజుల్లోనే కృష్ణా జిల్లా మార్గాలను స్వాధీనం చేసుకొనే పథకం వెలువడింది. గుళ్ళపల్లి నాగేశ్వరరావు తదితర ప్రైవేటు యజమానులు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. వారి అభ్యంతరాలను విన్నది హోంశాఖ కార్యదర్శి, నిర్ణయించింది ముఖ్యమంత్రి. వినేవారొకరు, తేల్చేవారొకరు అయితే విచారణ వట్టి తంతు అవుతుందని 1958 నవంబరులో న్యాయస్థానం పథకం ఆమోదాన్ని కొట్టివేసింది. తీర్పు రాసినవారు తెలుగువారైన జస్టిస్ కోకా సుబ్బారావు. ఆపై ముఖ్యమంత్రి స్వయంగా విచారణ జరిపారు. 1959లో పథకం నిలిచింది. పర్మిట్లు కోల్పోయిన వారికి చట్టం నిర్ణయించిన పరిహారం, మిగిలిన గడువులో నెలకు 200 రూపాయలు.

ఈ వ్యాజ్యం హక్కును తేల్చిందే గాని ఖర్చును తేల్చలేదు. 1950 చట్టంలోని 22వ సెక్షను సంస్థ వ్యాపార సూత్రాల మీద నడవాలంటుంది; ప్రజలు మాత్రం రాబడి లేని ఊరికీ బస్సు రావాలంటారు. ఈ రెండింటికీ పొత్తు కుదరదు. పైగా చార్జీలు పెంచాలంటే ప్రభుత్వం అనుమతించాలి, జీతాలు 2020 విలీనం వరకు కార్మిక సంఘాలతో ఒప్పందాలలో తేలేవి, డీజిల్ ధర మరెక్కడో నిర్ణయమవుతుంది. లెక్క చూపవలసింది మాత్రం సంస్థే. దూరప్రాంత సర్వీసుల రాబడితో పల్లె సర్వీసుల లోటు పూడ్చడం అందుకే అలవాటైంది. అది విధానం అనడం కంటే సర్దుబాటు అనడమే సరి.

2019 డిసెంబరులో చార్జీలు పెరిగాయి. 2020 జనవరి 1న ఉద్యోగులు ప్రజా రవాణా శాఖ పేరిట ప్రభుత్వంలో విలీనమయ్యారు. అంతవరకు సంస్థను కుంగదీసిన జీతాల భారం ఖజానా మీదికి మళ్ళింది. అయినా ప్రయాణికునికి భారం తప్పలేదు. 2022 ఏప్రిల్‌లో డీజిల్ సెస్సు వచ్చింది. పల్లె వెలుగులో 2 రూపాయల సెస్సు చేరి, కనీస చార్జీ 10 రూపాయలైంది. జీతాలు ఖజానా చూసుకున్నా ఇంధనపు ఖర్చు టికెట్టు మీదనే పడిందన్నమాట.

2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి పథకంతో పల్లె వెలుగు బస్సులలో మహిళలకు టికెట్టు సొమ్ము లేదు. కండక్టరు జీరో టికెట్టు ఇస్తాడు. ఆ ప్రయాణపు ఖర్చు ప్రభుత్వ పద్దులోకి చేరుతుంది. అదే బస్సులో పక్క సీటులోని కూలి మగవాడు మాత్రం చార్జీ చెల్లించే కోడూరులో దిగుతాడు.