చమురు ధరను బట్టి నైరా

1960లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి నైజీరియా ఎగుమతుల్లో పంటలదే పైచేయి. ఉత్తరాన కానో వేరుశనగ, పడమట కోకో, తూర్పున పామాయిల్ ఓడలకెక్కేవి. 1956లోనే నైజర్ డెల్టాలోని ఒలోయిబిరిలో చమురు పడింది. రెండేళ్లకు ఎగుమతి మొదలైంది. 1973 జనవరి 1న పౌండు స్థానంలో నైరా వచ్చింది. ఆ ఏడాది చివర అరబ్ దేశాల ఆంక్షలతో ముడి చమురు ధర కొద్ది నెలల్లోనే దాదాపు నాలుగింతలైంది.

చమురు డాలర్లలో అమ్ముడవుతుంది. ప్రభుత్వానికి వచ్చిన ఆ డాలర్లను కేంద్ర బ్యాంకు తీసుకుని నైరాలు ఇస్తుంది. డాలర్లకు కొరత లేనంతకాలం నైరా గట్టిగా నిలిచింది; 1980లో ఒక్క నైరాకు డాలరున్నర పైనే వచ్చేది. విదేశీ సరుకు చౌకైంది. 1975లో ప్రభుత్వం ఆర్డరిచ్చిన సిమెంటు ఓడలు దించుకునే చోటు లేక లాగోస్ రేవు బయట నెలల తరబడి బారులు తీరాయి. ఎగుమతి పంటల రైతుకు మాత్రం నష్టమే. విదేశంలో పాత ధరే పలికినా నైరాల్లో చేతికందేది తగ్గింది. దేశంలో కూలి రేట్లు, ఖర్చులు పెరిగాయి. దీనికి కరవు, తెగులు తోడై కానోలో బస్తాలతో పేర్చే వేరుశనగ పిరమిడ్లు కనుమరుగయ్యాయి. ఒక వనరు రాబడి కరెన్సీని బలపరచి మిగతా ఎగుమతులను దెబ్బతీయడాన్ని ఆర్థికవేత్తలు డచ్ వ్యాధి అంటారు.

1981 తర్వాత చమురు ధర దిగజారింది. నైరా విలువను పెద్దగా తగ్గించకుండా 1982లో ప్రభుత్వం దిగుమతులకు లైసెన్సులు బిగించింది. లైసెన్సు దొరికినవారికి డాలరు చౌకగా అందేది; దొరకనివారికి బ్లాక్ మార్కెట్టే దిక్కు. 1986లో చమురు ధర కుప్పకూలడంతో ఇబ్రహీం బాబాంగిడా ప్రభుత్వం సెప్టెంబరులో డాలర్ల వేలానికి తెరతీసింది. 1985 చివర డాలరుతో దాదాపు సమానంగా ఉన్న నైరా 1987కల్లా డాలరుకు నాలుగు స్థాయికి జారింది.

ఇదే వరస మళ్లీ నడిచింది. 2014 మధ్యలో 100 డాలర్లు దాటిన బ్యారెల్ 2016 జనవరికి 30 లోపు పడింది. కేంద్ర బ్యాంకు జూన్ దాకా డాలరుకు 197 నైరాల దగ్గర రేటును పట్టి ఉంచి వదిలేయగానే అది 280కి చేరింది. 2023 జూన్‌లో చమురు ధర పడిపోకున్నా చమురు దొంగతనాలు, తగ్గిన ఉత్పత్తి వల్ల డాలర్లు చాలలేదు. రేటును మార్కెట్టుకు వదిలాక 2024లో డాలరు 1,500 నైరాలు దాటింది.

చమురు దేశమే అయిన నార్వే మాత్రం 1990లో చట్టం చేసి, ఆ తర్వాతి ఏళ్లలో చమురు మిగులును విదేశీ పెట్టుబడుల నిధిలో దాచసాగింది. ఆ డాలర్లన్నీ ఒక్కసారిగా దేశంలోకి రాకపోవడంతో అక్కడి కరెన్సీ క్రోన్‌పై ఒత్తిడి తగ్గింది. నైజీరియా 2004లో ఇలాంటి మిగులు ఖాతాయే తెరిచినా, రాష్ట్రాల వాటాలకూ ఖర్చులకూ అది కరిగిపోయి 2014 పతనం నాటికి ఆదుకునేంత సొమ్ము మిగల్లేదు.