నానబెట్టని అట్టు

అట్టు పొయ్యాలంటే ముందురోజే బియ్యం, మినప్పప్పు నానబెట్టాలని వంటల పుస్తకంలో చదివాను. మా అమ్మ అట్టుకు ముందురోజనేదే లేదు. మాపటికి కూలిడబ్బులు చేతిలో పడితేగాని పొద్దున పొయ్యి సంగతి తెలిసేది కాదు. నానిందాకా పిల్లల కడుపులాగుతయ్యా?

కోటా బియ్యం పిండి పట్టించి డబ్బాలో ఉంచేది. రెండు గుప్పిళ్ళ పిండికి ఉప్పు, జీలకర్ర, ఉల్లిపాయ, పచ్చిమిరప ముక్కలు వేసి మజ్జిగలాగా పల్చగా కలిపేది. సగం కోసిన ఉల్లిపాయను నూనెలో అద్ది కాలిన పెనమంతా రుద్దేది. ఈ అట్టును గరిటెతో తిప్పకూడదు. అంచుల నుంచి నడిమికి చిలకరించినట్టు పొయ్యాలి. అప్పుడే చిల్లులు పడి కరకరలాడుద్ది. పిండి అడుగున కూర్చుంటది కాబట్టి ప్రతి అట్టుకూ కలుపుకోవాలి. రోట్లో వేయించిన శనక్కాయలు, పచ్చిమిరపకాయలు, చింతపండు, ఉప్పు కలిపి నూరితే పచ్చడి. కొబ్బరి చట్నీ హాస్టలుకొచ్చాకే ఎరుగుదును.

ఈ అట్టుకీ చరిత్ర ఉంది. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చేదాకా మా నాయనమ్మ పొయ్యిమీద ఉడికింది జొన్నసంకటే. వరి కోసే చేతులు మావే, వరన్నం మాత్రం పండక్కి. ఇక పిండెక్కడిది? అట్టంటే ఊళ్ళో హోటలు అట్టే.

ఆ హోటల్లోకి మా తాత పోలేదు. "పోలేదు కాదురా, పోనియ్యలేదు" అని నాయనమ్మ దిద్దేది. వెనకవైపు అరుగు కింద నిలబడితే ఆకులో అట్టు పైనుంచి జారవిడిచేవాడట. పచ్చడి దోసిట్లో. అరుగుమీద పెట్టిన డబ్బుల మీద నీళ్ళు చల్లి తీసుకునేవాడట. హోటళ్ళలోకి ఎవరినీ కులం పేరుతో ఆపకూడదని 1950లోనే రాజ్యాంగం 15వ అధికరణం చెప్పింది. 1955లో అంటరానితనం నేరాల చట్టమూ వచ్చింది. తాత దోసిట్లో పచ్చడి పడింది ఆ తర్వాతే, 1960లలో. ఈ పాఠం ఎనిమిదో తరగతికి చెప్పేటప్పుడు సంవత్సరాలు తడబడను. దోసిలి సంగతి మాత్రం ఇంతవరకూ చెప్పలేకపోయాను.

ఒకసారి తాత ఆ అట్టు తినలేదట. మా నాయన ఆరేళ్ళోడు, జొరంతో పడుకోనున్నాడు. అట్టును తువ్వాల్లో చుట్టి భుజాన వేసుకుని, దోసిలి విప్పకుండా చేలగట్లమ్మటే పల్లెకు నడిచొచ్చాడట. పచ్చడి సగం వేళ్ళ సందుల్లోంచి కారిపోయింది. మిగిలింది తాత అరచేతిలోనే అద్దుకుని తిన్నాడు నాయన.

మొన్న నాయనమ్మను కళ్ళ డాక్టరు దగ్గరికి టౌనుకు తీసుకెళ్ళాను. తిరిగొచ్చేటప్పుడు హోటలు ముందు ఆగాను. గుమ్మం దాటలేదామె.

"లోపలికెందుకురా అయ్యా, ఇంటికిపోయి పోసుకుందాం."

ఎంత చెప్పినా వినలా. ఇంటికొచ్చి నేనే పెనం పెట్టాను. గిన్నెలో పచ్చడి వేసి ముందుంచితే, గిన్నె పక్కకు నెట్టి ఇంకో రెండట్లు పొయ్యమంది.