విదేశస్థ బంధువుల ధనకానుకలు – భారతదేశమున పన్ను చరిత్ర

విదేశములందు నివసించువారు స్వదేశమునందలి తమవారికి కానుకగా పంపు ధనముపై పన్ను పడునా, పడినచో దానిని చెల్లింపవలసినవారెవరు అను ప్రశ్నకు మన శాసనములు వేర్వేరు కాలములందు వేర్వేరు సమాధానములు చెప్పినవి.

1953 నాటి ఎస్టేటు సుంకము మరణానంతరము సంక్రమించు ఆస్తిపై పడునది కావున, మరణమునకు చాల ముందుగనే ఆస్తిని దానము చేసి దానిని తప్పించుకొను మార్గము ధనికులకు మిగిలియుండెను. ఆ మార్గమును మూయుటకై కేంబ్రిడ్జి ఆర్థికవేత్త నికొలస్ కాల్డార్ 1956లో చేసిన సూచన ననుసరించి, ఆర్థికశాఖను కూడ తామే నిర్వహించుచుండిన ప్రధాని నెహ్రూ 1958 బడ్జెటులో బహుమతి పన్నును ప్రతిపాదించిరి. ఆ చట్టము ప్రకారము పన్నుభారము ఇచ్చినవానిదే. ప్రవాసులు తమ బంధువులకు పంపు విదేశీ మారకద్రవ్యమునకు తదుపరి సవరణలు మినహాయింపు కల్పించినవి. 1998 అక్టోబరు 1 నుండి ఈ పన్ను రద్దయ్యెను.

పిమ్మట ఇంచుమించు ఆరేండ్లకు, 2004 సెప్టెంబరు 1 నుండి భారము తలక్రిందులై, పుచ్చుకొన్నవాని ఆదాయములో కానుక చేరుట మొదలయ్యెను. తొలుత 25,000 రూపాయలుగా నుండిన పరిమితి 2006లో ఏడాది మొత్తముమీద 50,000గా మారెను. ఆ పరిమితి దాటినచో అదనపు మొత్తముపై మాత్రమే కాక యావత్తు సొమ్ముపైనను పన్ను పడును. వివాహ సందర్భమున వచ్చిన కానుకలకును, చట్టము నిర్వచించిన బంధువులిచ్చిన వానికిని ఎంత మొత్తమైనను పన్ను లేదు.

ఈ బంధుత్వ నిర్వచనము మన కుటుంబములు జాగ్రత్తగా చదువదగినది. భార్యాభర్తలు, తోబుట్టువులు, తలిదండ్రుల తోబుట్టువులు, పూర్వికులు, సంతతి, జీవిత భాగస్వామి తోబుట్టువులు, పూర్వికులు, సంతతి, వారందరి భార్యలు లేక భర్తలు ఇందు చేరుదురు. కావున హ్యూస్టనులోని మేనమామ గుంటూరులోని మేనల్లునికి పది లక్షలు పంపినచో పన్ను లేదు. అదే మేనల్లుడు అమెరికాలో స్థిరపడి, తన్ను చదివించిన మేనమామకు ఋణము తీర్చుకొనుచు అంతే సొమ్ము పంపినచో మేనమామ పన్ను కట్టవలసియుండును, ఏలనన మామ బంధువుల పట్టికలో తోబుట్టువుల బిడ్డలకు చోటులేదు. పెదనాన్న కుమారుడును ఆ పట్టికలో లేడు. మన యిండ్లలో ఉభయముఖముగా నడచు బంధుత్వమును ఈ విధముగా ఏకముఖము చేయుట అన్యాయమనియే చెప్పవలెను.

భర్త భార్యకు పంపిన సొమ్ము పన్నులేనిదే. కాని ఆమె దానిని బ్యాంకులో వేసిన పిదప వచ్చు వడ్డీ భర్త ఆదాయములోనే కలియును.

బ్యాంకు ద్వారా వచ్చినంత మాత్రమున కానుక నిజమైనదని తేలదనియు, దాత ఎవరో, అతనికి ఆ స్తోమత కలదో లేదో, ఇచ్చుటకు కారణమేమో పరిశీలింపవచ్చుననియు 2007లో సుప్రీంకోర్టు మోహనకళ కేసులో స్పష్టపరచెను. విదేశములనుండి వచ్చిన కానుకల వ్యాజ్యమే అది. కనుక దాత వ్రాసి సంతకము చేసిన దానలేఖను, పాస్‌పోర్టు నకలును, అతని ఆదాయమును తెలుపు పత్రములను, సొమ్ము జమయైన బ్యాంకు రసీదును గ్రహీతలు భద్రపరచుకొనవలయును.