నీలం గౌను పిల్లలు

ఆ మట్టలు కాస్త లోపలికి నెట్టి ఇటు జరగండమ్మా, పొగ నాకు పడదు. మనవరాలు అడిగింది, నర్సింగులో మీకు యుద్ధాల పాఠం కూడా ఉండేదా అమ్మమ్మా అని. క్రిమియా యుద్ధంలో సిపాయిలకు సేవ చేసిన ఫ్లారెన్స్ నైటింగేల్ గురించి చెప్పేవాళ్లు. ఆ యుద్ధం తర్వాత అరవై ఏళ్లకు, నర్సులు కాకుండానే వార్డుల్లో దిగిన ఆడపిల్లల సంగతి మాత్రం ఎవరూ పెద్దగా ఎత్తేవాళ్లు కాదు. రిటైరయ్యాక పుస్తకాలు తిరగేసి నేనే తెలుసుకున్నా.

1909లో ఇంగ్లండులో ఒక ఏర్పాటు చేశారు. యుద్ధమంటూ వస్తే సైన్యానికున్న నర్సులు చాలరు కాబట్టి, ఊరూరా కొందరికి కట్లు కట్టడం, రోగిని చూసుకోవడం నేర్పి ఉంచాలని. వాలంటరీ ఎయిడ్ డిటాచ్‌మెంట్ అన్నారు, జనం నోట్లో వీఏడీ అయింది. 1914 వేసవిలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేసరికి అలాంటి దళాలు 2,500 దాటాయి. మనుషులు 74,000. మూడింట రెండొంతులు ఆడవాళ్లే. వాళ్లలో చాలామంది కలిగినింటి బిడ్డలు, మంచినీళ్లు కూడా పనిమనిషి అందిస్తే తాగినవాళ్లు.

నీలం గౌను, తెల్ల ఏప్రన్, దానిమీద ఎర్ర శిలువ. ఫొటోల్లో ఎంత ముచ్చటగా ఉంటారో! పని చూడండి మరి: నేల తుడవడం, బెడ్‌పాన్లు కడగడం, చీము పట్టిన గుడ్డలు ఏరి పారేయడం. సీనియర్ సిస్టర్ చెప్పిందే వేదం. నేనూ మొదట ఆ పనుల్లోనే నలిగాను కాబట్టి చెబుతున్నా, రోగి ఒంటి గురించి తెలిసేది అక్కడే. పుస్తకం తర్వాత.

ఫ్రాన్స్‌లో పోరు జరిగింది ఎరువేసి దున్నిన పొలాల్లో. ఆ మట్టి గాయంలో పడితే కండ కుళ్లించే గ్యాస్ గాంగ్రీన్. పెన్సిలిన్ కనిపెట్టింది 1928లో, అప్పటికింకా ఎక్కడిది? అందుకని గాయంలోకి సన్నటి రబ్బరు గొట్టాలు దూర్చి, రెండేసి గంటలకొకసారి మందునీళ్లు పోసి కడిగేవాళ్లు. కారెల్, డేకిన్ అనే ఇద్దరు కలిసి తెచ్చిన పద్ధతి అది. ఒక్కో వార్డులో అలాంటి గాయాలు ఎన్నో! చేతులు చాలక, నేల తుడిచే పిల్లలకే డ్రెస్సింగులు కూడా అప్పజెప్పారు.

దూదికీ కరువొచ్చింది. తుపాకి మందుకూ పత్తే కావాలి మరి. అప్పుడు స్కాట్లండు చిత్తడి నేలల్లో, డార్ట్‌మూర్‌లో నాచు ఏరించారు. స్ఫాగ్నమ్ అంటారు. ఎండబెట్టి, పుల్లలూ చెత్తా ఏరేసి, పలచటి గుడ్డ సంచుల్లో కుట్టి గాయాల మీద వేసేవాళ్లు. తన బరువుకు ఎన్నో రెట్లు నీరు పీలుస్తుంది, పులుపు గుణం వల్ల క్రిముల్ని కూడా పెరగనివ్వదు. వార్డు మొహం చూడని ముసలమ్మలూ బడిపిల్లలూ ఆ నాచు ఏరారు. నర్సింగు చరిత్ర రాసేవాళ్లు వాళ్లనీ కలపాలనే నేనంటాను.

శిక్షణ పొందిన నర్సులకు వీళ్లంటే కడుపుమంట ఉండేది. ఎందుకుండదు? మూడేళ్లు ఆస్పత్రిలో గొడ్డుచాకిరీ చేసి నర్సయిన మనిషి పక్కన, నాలుగు క్లాసులు విన్న జమీందారు కూతుర్ని నిలబెట్టి ఇద్దర్నీ సిస్టర్లంటే కడుపు మండదా! ఆ కోపం న్యాయమైనదే. ఈ పిల్లల కష్టమూ నిజమే.

వెరా బ్రిటన్ అని ఒకావిడ, ఆక్స్‌ఫర్డు చదువు మధ్యలో ఆపేసి 1915లో వచ్చింది. ఆ డిసెంబరులోనే పెళ్లాడాల్సినవాడు యుద్ధంలో పోయాడు. ఆవిడ మానలేదు. మాల్టా వెళ్లింది, 1917లో ఫ్రాన్స్‌లో ఏటాప్ల్ ఆస్పత్రికొచ్చింది. అక్కడ వేసింది ఏ వార్డులో అనుకున్నారు? గాయపడ్డ జర్మన్ ఖైదీల వార్డులో. అవతల సొంత తమ్ముడు ఆ జర్మన్ల మీదే పోరాడుతున్నాడు, ఇవతల ఈమె వాళ్ల గాయాలు కడుగుతోంది. ఆ తమ్ముడూ 1918 జూన్‌లో ఇటలీలో చనిపోయాడు. 1933లో ఆవిడ రాసిన 'టెస్టమెంట్ ఆఫ్ యూత్' దొరికితే చదవండి.

మనవాళ్ల ఊసూ ఉంది ఇందులో. 1914 ఆగస్టులో గాంధీగారు లండన్‌లో దిగి, అక్కడి భారతీయుల్ని పోగుచేసి ప్రథమ చికిత్స నేర్పించారు. మన హైదరాబాదు సరోజినీ నాయుడు అప్పుడక్కడే ఉంది. సైనికులకు బట్టలు కుట్టించే ఆడవాళ్ల క్లబ్బులో సభ్యురాలు. కత్తిరించిన బట్టల కుప్ప ఒకటి తెచ్చి గాంధీగారి ముందు పడేసి, కుట్టించి ఇమ్మంది. ఆయన స్నేహితుల సాయంతో చేతనైనన్ని కుట్టించి ఇచ్చాడు కూడా.

బ్రైటన్‌లో మన సిపాయిలకోసం ఒకప్పటి రాజభవనాన్నే ఆస్పత్రి చేశారు. మంచాలు దాదాపు 700. అయితే తెల్ల ఆడది నల్ల సిపాయి ఒంటిమీద చెయ్యి వేయడం దొరలకు గిట్టలేదు. ఆడ నర్సుల్ని దూరం పెట్టి, చాకిరీ మగ ఆర్డర్లీల చేత చేయించారు. జర్మన్ ఖైదీకి దక్కిన చెయ్యి, దొరలకోసమే సముద్రం దాటి వచ్చి పోరాడిన మనవాడికి దక్కలేదు. ఇది తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

యుద్ధం ముగిసింది. నర్సులు ఏళ్ల తరబడి కొట్లాడిన రిజిస్ట్రేషన్ చట్టం 1919 డిసెంబరులో వచ్చింది. ఒక జాబితా పెట్టి, అందులో లేనివాళ్లు ఇక రిజిస్టర్డ్ నర్సునని చెప్పుకుని తిరగకుండా చేశారు. నీలం గౌను పిల్లల్లో చాలామంది అప్పటికే ఏప్రన్లు విప్పేసి ఇళ్లకు చేరారు. కొందరు మాత్రం ఆస్పత్రుల్లో చేరి, మొదటి ఏడాది పాఠం నుంచి మళ్లీ మొదలుపెట్టారు.